వడపోత పొరను మార్చవలసిన వేళ

నీరు ప్రాణాధారమని అందరును ఎరుగుదురు. ఆ నీరే వ్యాధికి వాహనము కాగలదనియు నేడు చాలమందికి తెలియును. కావుననే పట్టణములలోను పల్లెలలోను అనేక గృహములందు నీటిని వడపోయు పరికరములు కనబడుచున్నవి. కొందరి యిండ్లలో రెండు అరలుగల స్టీలు ఫిల్టరు, అందులో పింగాణీ క్యాండిళ్లు ఉండును. మరికొందరి యిండ్లలో గోడకు తగిలించిన ఆర్.ఓ. యంత్రముండును. పరికరమును కొనుటయందు చూపిన శ్రద్ధ దానిని కాపాడుటయందు చూపువారు తక్కువ. కుళాయి త్రిప్పగనే తేటనీరు వచ్చుచున్నది గదా యని నిశ్చింతగా ఉందురు.

ఈ నిశ్చింతయే ప్రమాదకరము. దీపము ఆరినచో చీకటి పడును. పొయ్యి ఆరినచో అన్నము ఉడకదు. వడపోత పొర చెడినచో అట్టి గుర్తు ఏదియు వెంటనే కనబడదు. నీరు మునుపటివలెనే వచ్చుచుండును. మునుపటివలెనే తేటగా ఉండును. ఇంటివారు మాత్రము ఫిల్టరును నమ్మి నీటిని కాచుట మాని యుందురు. ఈ కారణముచేత చెడిన ఫిల్టరు, ఫిల్టరు లేకపోవుటకంటె ఒక్కొక్కప్పుడు ఎక్కువ హాని చేయును. పొరను మార్చవలసిన సమయమును తెలిసికొనుటకు కంటిని, నాలుకను నమ్మరాదు. కొలతను, తేదీని నమ్మవలెను. ఆ కొలతలెట్టివో తెలుపుటయే ఈ కరపత్రము ఉద్దేశము.

తేటనీరు వేరు, మంచినీరు వేరు

పూర్వము మన పెద్దలు కడవ లోపలివైపున చిల్లగింజను అరగదీసి బురదనీటిని తేర్చుకొనెడివారు. నీటిలో పటికను త్రిప్పు అలవాటు నేటికిని కలదు. వీనివలన మన్ను అడుగుకు దిగును, నీరు తేటపడును. కాని తేటపడినంత మాత్రమున అందలి సూక్ష్మజీవులన్నియు నశింపవు. కలరా, టైఫాయిడు, అతిసారము, కామెర్లు మున్నగు వ్యాధులను కలిగించు జీవులు అద్దమువంటి నీటిలోను ఉండవచ్చును.

వడపోత వలన ఎంత మేలు కలుగునో, అది చెడినచో ఎంత కీడు వాటిల్లునో ఒక చరిత్ర విషయమువలన తెలియగలదు. 1892వ సంవత్సరమున జర్మనీ దేశములోని హాంబర్గు నగరమున కలరా చెలరేగి ఎనిమిది వేలకు పైగా జనులు మరణించిరి. ఆ నగరము ఎల్బా నది నీటిని వడపోయకయే ప్రజలకు సరఫరా చేయుచుండెను. దాని ప్రక్కనే, నదికి దిగువన, ఆల్టోనా అను పట్టణము కలదు. హాంబర్గు మురుగంతయు కలిసిన నీరే ఆల్టోనాకు చేరెడిది. అయినను ఆల్టోనావారు ఆ నీటిని ఇసుక పడకలద్వారా వడపోసి వాడుకొనుటచే చాలవరకు సురక్షితముగా ఉండిరి. ఆ మరుసటి శీతకాలమున ఆల్టోనాలోనే కలరా తల యెత్తెను. సుప్రసిద్ధ వైద్యశాస్త్రజ్ఞుడు రాబర్టు కోఖ్ విచారింపగా, ఒక ఇసుక పడక శుభ్రపరచు సమయమున మంచుకు గడ్డకట్టి, సరిగా వడపోయక, చెడునీటిని లోనికి విడుచుచున్నట్లు తేలెను. పట్టణమును కాపాడినది వడపోతయే. పట్టణమునకు వ్యాధిని తెచ్చినదియు చెడిన వడపోతయే. నగరమునకు వర్తించిన ఈ నీతి ఇంటికిని వర్తించును.

ఏ పొర దేనిని ఆపును?

జల్లెడ రంధ్రము ఎంతయో దానిని బట్టియే అది ఆపునదియు ఉండును. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. క్యాండిలు రంధ్రములు ఇంచుమించు ఒక మైక్రానుగాని, అంతకు తక్కువగాని ఉండును. కావున మంచి క్యాండిలు మన్నును, పురుగుల గ్రుడ్లను, చాలవరకు బాక్టీరియాలను ఆపును. కాని వైరసులు అంతకన్న ఎన్నో రెట్లు సూక్ష్మమైనవి. కామెర్లను కలిగించు వైరసు మైక్రానులో నూరింట మూడు వంతులంత మాత్రమే యుండును. కరిగిన లవణములుగాని, ఫ్లోరైడుగాని క్యాండిలువలన తొలగవు.

ఒక రక్షణ అన్ని వ్యాధులకును చాలదని మన దేశమే ఒకమారు చూచినది. 1955-56 శీతకాలమున యమునా నది తన పాయ మార్చుకొనుటచే, మురుగు కాలువ నీరు ఢిల్లీ నగరమునకు నీటిని తోడుచోట కలిసెను. పటికను, క్లోరినును అధికముగా వాడుటచే టైఫాయిడు, విరేచనముల వ్యాధులు ప్రబలలేదు. కాని కామెర్లు మాత్రము సుమారు 29,000 మందికి సోకెను. బాక్టీరియాలు చచ్చినవి, వైరసు మిగిలినది. ఆ వ్యాధిని నేడు హెపటైటిస్-ఇ అని పిలుచుచున్నారు.

ఇక ఆర్.ఓ. పొర వీనియన్నిటికంటె సన్ననిది. సహజముగా ఇట్టి పొరకు ఇరువైపుల ఉప్పునీరు, మంచినీరు ఉన్నయెడల మంచినీరే ఉప్పునీటివైపు ప్రవహించును. ఉప్పునీటివైపున బలమైన ఒత్తిడి కలిగించినచో ఈ ప్రవాహము వెనుకకు మరలి, మంచినీరు పొరను దాటి వచ్చును. లవణములు, సూక్ష్మజీవులు వెనుకనే నిలిచి, మిగిలిన నీటితో బయటకు పోవును. క్రొత్త పొర కరిగిన లవణములలో నూటికి తొంబది పాళ్లకు పైగా ఆపగలదు.

మొదట ఒక మాట చెప్పవలెను. భారత ప్రమాణముల సంస్థ త్రాగునీటిలో కరిగిన ఘనపదార్థములు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మంచిదని నిర్ణయించినది. ఇతర జలాధారము లేనిచోట 2,000 వరకు అనుమతించినది. మీ నీటిలో ఇవి 500కు లోపుగనే యుండి, ఫ్లోరైడు వంటి దోషములు లేనిచో, ఆర్.ఓ. యంత్రముతో సాధారణముగా పని లేదు. అది అనేక లీటర్ల నీటిని వ్యర్థముగా బయటకు పంపును. అట్టి నీటికి క్యాండిలు, కాచుట చాలును.

క్యాండిలును పరీక్షించుట

క్యాండిలు పైభాగమున పేరుకొనిన మన్ను వలన నీరు దిగుట నెమ్మదించును. వారమునకొకమారు దానిని విప్పి, పారుచున్న శుభ్రమైన నీటిలో మెత్తని బ్రష్షుతో రుద్దవలెను. సబ్బు, చింతపండు, బూడిద ఉపయోగింపరాదు. కేవలము పింగాణీతో చేసిన క్యాండిలును నీటిలో మరిగించవచ్చును. లోపల బొగ్గు నింపిన క్యాండిలును మరిగించరాదు. తయారుచేసినవారి సూచనను చూచుకొనవలెను.

మార్చవలసిన గుర్తులు నాలుగు. రుద్ది కడిగిన తరువాతను నీరు నెమ్మదిగనే దిగుచున్నచో లోపలి రంధ్రములు పూడిపోయినవని గ్రహింపవలెను. రుద్దగా రుద్దగా క్యాండిలు సన్నబడినచో గోడ పలుచనయ్యెనని తెలియును. క్రిందపడిన క్యాండిలును, పగులు కనబడకున్నను, మార్చుటయే క్షేమము. నాల్గవ గుర్తు, నీరు అకస్మాత్తుగా వేగముగా దిగుట. దీనిని చూచి కొందరు సంతోషింతురు. ఇది సంతోషింపవలసిన విషయము కాదు. క్యాండిలు పగిలియైనను, అడుగున నుండు రబ్బరు వాషరు వదులై యైనను ఉండును. అపుడు నీరు వడపోత లేకయే జారిపోవుచున్నదన్నమాట.

పగులును కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. క్యాండిలును కొన్ని గంటలు నీటిలో నాననిచ్చి, దాని గొట్టమునకు శుభ్రమైన రబ్బరు గొట్టము తొడిగి, నీటిలో ముంచి యుంచి మెల్లగా గాలి ఊదవలెను. క్యాండిలు మంచిదైనచో బుడగలు రావు. పగులున్నచో ఒకే చోటనుండి బుడగల వరుస లేచును. అట్టి క్యాండిలును ఆ క్షణమే పారవేయవలెను, జిగురుతో అతికించరాదు.

ఆర్.ఓ. పొరను కొలుచు విధము

ఆర్.ఓ. పొర యంత్రములోపల గొట్టమందు చుట్టబడి యుండును. దానిని కంటితో పరీక్షింప వీలులేదు. దానికి తగిన సాధనము టి.డి.ఎస్. మీటరు. కలమంత ఈ పరికరము నీటిలో ముంచగనే, కరిగిన పదార్థములు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో సుమారుగా చూపును.

చాలమంది యంత్రమునుండి వచ్చిన నీటిని మాత్రమే కొలిచి తృప్తిపడుదురు. ఇది సగము కొలత. లోనికి పోవు నీటిని, బయటకు వచ్చు నీటిని, రెంటిని ఒకేనాడు కొలువవలెను. లోనికి వచ్చిన లవణములలో నూటికి ఎన్ని పాళ్లు పొరను దాటుచున్నవో లెక్కవేయవలెను. ఒక ఉదాహరణము చూతము.

ఒక యింట బోరు నీటిలో కొలత 900. క్రొత్త పొర అమర్చిన వారమున త్రాగునీటి కొలత 63. అనగా నూటికి 7 పాళ్లు దాటుచున్నవి, 93 ఆగుచున్నవి. ఎండకాలమున బోరు అడుగంటి, లోనికి పోవు నీటి కొలత 1,200 అయ్యెను. త్రాగునీటి కొలత 84 అయ్యెను. ఇల్లాలు సంఖ్య పెరిగెనని భయపడవచ్చును. కాని లెక్కవేసినచో ఇప్పుడును నూటికి 7 పాళ్లే దాటుచున్నవి. పొర చెడలేదు, బోరు నీరే ఉప్పగిల్లినది. రెండేండ్లకు వానలు పడి బోరు నీరు మరల 900కు దిగెననుకొనుడు. త్రాగునీటి కొలత మాత్రము 225 చూపుచున్నది. నూటికి 25 పాళ్లు దాటుచున్నవి. త్రాగుటకు రుచి బాగుగనే యుండును. 225 అను సంఖ్య 500కు తక్కువగనే యున్నది. అయినను పొర తన పని మానుచున్నదని ఈ లెక్క స్పష్టముగా చెప్పుచున్నది.

సాధారణముగా నూటికి 10 పాళ్లు దాటిన నాటినుండి నెలనెల కొలువవలెను. 20 పాళ్లకు చేరువైనపుడు పొరను మార్చవలెను. క్రొత్త పొర అమర్చిన మొదటి వారపు కొలతను వ్రాసియుంచుకొన్నవారికే ఈ పోలిక సాధ్యమగును.

ఒక జాగ్రత్త అవసరము. కొన్ని యంత్రములందు రుచికొరకు కొంత నీటిని పొరగుండ పంపక ప్రక్కత్రోవన కలుపు మీట యుండును. అట్టి యంత్రమున త్రాగునీటి కొలత పొర స్థితిని తెలుపదు. యంత్రమును చూచు పనివానిచే ఆ మీటను మూయించిగాని, కలియుటకు ముందున్న నీటిని తీయించిగాని కొలువవలెను.

నీటి ధార చెప్పు సంగతులు

మీటరుతోపాటు గడియారమును ఉపయోగపడును. ఒక లీటరు పాత్ర నిండుటకు ఎంత సమయము పట్టునో చూచుకొనవలెను. నిలువ తొట్టిలోని నీటిని కాక, పొరనుండి నేరుగా వచ్చు ధారనే కొలువవలెను.

ధార సన్నగిల్లి, లవణముల లెక్క బాగుగనే యున్నచో, తొందరపడి పొరను మార్చనక్కరలేదు. ముందున్న మన్ను ఫిల్టరు పూడియుండవచ్చును. నీటి ఒత్తిడి తగ్గియుండవచ్చును. చలికాలమున నీరు చల్లబడినప్పుడును ధార సహజముగా తగ్గును. ఎండలు వచ్చినచో మరల హెచ్చును. ఇవి యేవియు కారణములు కానిచో, గట్టినీటిలోని సున్నము పొరపై పేరుకొనియుండును.

ధార హెచ్చి, లవణములును హెచ్చినచో పొర చిరిగెననిగాని, దాని రబ్బరు బిగింపు జారెననిగాని భావింపవలెను. జల్లెడ చిరిగినపుడు పిండి త్వరగా దిగును. దానితో తవుడును దిగును. ఇట్టి స్థితిలో ఒక్కదినమైనను ఆ నీటిని కాచక త్రాగరాదు.

పొరకు ప్రబల శత్రువు క్లోరిను. పురపాలక సంఘమువారు సూక్ష్మజీవులను చంపుటకు కలుపు క్లోరిను మనకు మేలు చేయునదే. కాని అది ఆర్.ఓ. పొరను క్రమముగా తినివేయును. అందుచే పొరకు ముందు బొగ్గు ఫిల్టరు నుంతురు. బొగ్గు తన శక్తిని కోల్పోయినచో క్లోరిను పొరను చేరును. తక్కువ వెలగల బొగ్గు ఫిల్టరును సకాలమున మార్చనివారు ఎక్కువ వెలగల పొరను ముందుగనే పోగొట్టుకొందురు. బొగ్గు దాటిన నీటిలో క్లోరిను వాసన తగిలినచో దానిని వెంటనే మార్చవలెను.

మీటరు చెప్పని సంగతులు

టి.డి.ఎస్. మీటరు ఉపకారియే; కాని సర్వజ్ఞురాలు కాదు. అది సూక్ష్మజీవులను చూపజాలదు. లీటరుకు 50 మాత్రమే చూపు నీటిలోను కలరా క్రిములుండవచ్చును. బొగ్గు క్లోరినును తీసివేయుటచే, యంత్రపు తొట్టిలో నిలిచిన నీటికి వేరు రక్షణ లేదు. ఊరికి పోయి కొన్ని దినములకు తిరిగివచ్చినవారు తొట్టిలోని నీటిని పూర్తిగా పారబోసి, క్రొత్తనీరు పట్టుకొనవలెను.

కొన్ని యంత్రములందు యు.వి. దీపముండును. దాని అతినీలలోహిత కిరణములు సూక్ష్మజీవులను నాశనము చేయును. ఆ కిరణములు కంటికి కనబడవు. మనకు కనబడు నీలికాంతి వేరు. కాలక్రమమున కాంతి వెలుగుచునే యుండును, క్రిములను చంపు కిరణములు మాత్రము క్షీణించును. దీపము వెలుగుచున్నది గదా యని ఊరకుండక, తయారుచేసినవారు చెప్పిన గడువున, సాధారణముగా ఏడాదికి ఒకమారు, మార్పింపవలెను.

యు.ఎఫ్. అను పొరలు, సన్నని బోలు దారములవలె నుండునవి, కరిగిన లవణములను ఆపవు. కావున వానికి టి.డి.ఎస్. కొలత పనికిరాదు. కొన్ని పరికరములందు నిర్ణీత పరిమాణము నీరు పోయిన పిమ్మట ధార తనంతట ఆగిపోవు ఏర్పాటు కలదు. దానిని తప్పించి నీరు పట్టుకొనుట తన మేలును తాను చెరుపుకొనుటయే.

ఫ్లోరైడు విషయమున మరింత శ్రద్ధ కావలెను. మన దేశమున త్రాగునీటి ఫ్లోరైడు వలన కలుగు వ్యాధిని 1937లో మొదట గుర్తించినది నేటి ప్రకాశం జిల్లా ప్రాంతముననే. నల్గొండ జిల్లా బాధలు అందరికి తెలిసినవే. ఫ్లోరైడుకు రంగులేదు, వాసనలేదు, రుచిలేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపున నుండుట మంచిది. వేరు గతి లేనిచోట 1.5కు మించరాదు. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీటిని పొర నూటికి 40 పాళ్లు దాటనిచ్చినచో త్రాగునీటిలో ఫ్లోరైడు 1.6 అగును. లవణములు దాటిన నిష్పత్తిలోనే ఫ్లోరైడు దాటునని చెప్పలేము. అయినను ప్రమాదపు పరిమాణము ఈ లెక్కవలన బోధపడును. దంతములు ఏర్పడు వయస్సునందున్న బిడ్డలకు ఈ హాని ఎక్కువ; ఒకమారు పడిన గార మరల పోదు. అట్టి ప్రాంతములవారు లవణముల లెక్కతో తృప్తిపడక, అప్పుడప్పుడు నీటిని పరీక్షాశాలకు పంపి ఫ్లోరైడును పరీక్ష చేయించవలెను. కాచుటవలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది దాని పాలు హెచ్చును.

గోడమీద ఒక కాగితము

పై విషయములన్నిటిని జ్ఞాపకముంచుకొనుట కష్టమని తోచవచ్చును. దీనికి ఒక కాగితము చాలును. దానిని ఫిల్టరు ప్రక్కన అతికించి, ఈ క్రిందివి వ్రాయవలెను:

ఒకటి, ప్రతి భాగమును అమర్చిన తేదీ.
రెండు, మొదటి వారమున లోనికి పోవు నీటి కొలత, త్రాగునీటి కొలత, లీటరు నిండిన సమయము.
మూడు, ప్రతి మూడు నెలలకు తీసిన అవే కొలతలు.
నాలుగు, తరువాత మార్చవలసిన తేదీ.

సామాన్యముగా మన్ను ఫిల్టరును, బొగ్గు ఫిల్టరును ఆరు నెలలకుగాని సంవత్సరమునకుగాని, ఆర్.ఓ. పొరను రెండు మూడు సంవత్సరములకుగాని మార్చవలసి వచ్చును. నీరు మిక్కిలి గట్టిదైనచో ఈ గడువు తగ్గును. కొలత ముందుగ హెచ్చరించినచో తేదీకొరకు వేచియుండరాదు; తేదీ వచ్చినచో రుచి బాగుగ నున్నదని వాయిదా వేయరాదు.

మార్చునపుడు చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. క్రొత్త పొరలో నిలువ కొరకు చేర్చిన ద్రవ్యములుండును గనుక మొదటి ఒకటి రెండు తొట్ల నీటిని త్రాగక పారబోయవలెను. పిదప కొలతలు తీసి కాగితముపై వ్రాయవలెను. పాత పొర ఎంత శుభ్రముగ కనబడినను మరల వాడరాదు. కడిగి క్రొత్తదిగా అమ్మువారి యొద్ద కొనరాదు.

పొరను మార్చుటకు నాలుగు దినములు పట్టినచో, ఆ నాలుగు దినములు నీటిని తెరలి కాగునట్లు ఒక నిమిషమైనను మరిగించి, మూతపెట్టి చల్లార్చి, పొడుగు కాడగల గరిటెతో ముంచుకొని త్రాగవలెను. వంటచెరకుగాని, గ్యాసుగాని లేనిచోట ఆరోగ్య కార్యకర్త ఇచ్చు క్లోరిను మాత్రలను చెప్పిన మోతాదున ఉపయోగింపవచ్చును. పసిబిడ్డలకు, గర్భిణులకు, వృద్ధులకు, రోగులకు ఇచ్చు నీటి విషయమున ఏమరుపాటు తగదు.

బంగ్లాదేశపు పల్లెలలో స్త్రీలు పాత చీరను నాలుగు మడతలు వేసి, నదినీటిని వడపోసి త్రాగుటచే కలరా దాదాపు సగమునకు తగ్గినట్లు 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపినది. ఆ చీరను వడపోసిన ప్రతిసారి ఉతికి ఎండలో ఆరవేయవలసి యుండెను. చీర యైనను, క్యాండి లైనను, వేలరూపాయల యంత్ర మైనను, వడపోత తాను ఆపిన మలినమును తనలోనే ఉంచుకొనును. దానిని కడుగువారు, కొలుచువారు, సకాలమున మార్చువారు ఉన్నంతకాలమే అది ఇంటిని కాపాడును. ఈ దినముననే మీ ఫిల్టరును ఒకమారు పరీక్షించి, తేదీ వ్రాసి, కాగితమును గోడకు అతికింపుడు.